విశ్వకర్మ పూజ ముందు రోజు లెక్కల పరీక్ష

పరీక్షల ఇన్‌చార్జి అంటే ఏమిటో ఆ పని నాకు అప్పగించిన రోజున నాకు తెలియదు. రిటైరయ్యే ముందు కొంచెం కొంచెం అర్థమవుతున్నట్టు అనిపించింది. అంతలో శాలువా కప్పి పంపించేశారు.

ఈ మధ్య మా పాత బడిలో కొత్తగా చేరిన టీచరమ్మ ఒకావిడ ఖరగ్‌పూర్ పూరీ గేట్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పరీక్షల పని ఇప్పుడు ఆమె నెత్తిన పడిందట. "మీ అనుభవం చెప్పండి సార్, నోట్ చేసుకుంటాను" అంది. నాకింకేం కావాలి? ప్రశ్నపత్రం ఎలా తయారు చేయాలి, గదుల్లో పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలి, కాపీలు ఎలా పట్టుకోవాలి అని దంచి పారేశాను. ఆమె రాసుకుని, టీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. "అన్నీ సెప్పినారు గాని, అసలుది సెప్పలేదేటి?"

అసలుది ఇది. ఆ టీచరమ్మకూ, ఆమె తరవాత వచ్చేవాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాను. నా గొప్పలు వినాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

అల్మారా తాళం

మా బడి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ అంచున ఉంది. తాతల నాడు వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు తమ పిల్లల కోసం పెట్టుకున్న చిన్న బడి. నేను అందులో సోషల్ మాస్టర్ని. మొగల్ చక్రవర్తుల పేర్లు వరసగా చెప్పగలగడం తప్ప నాలో వేరే ప్రత్యేకత లేదు. అయినా పరీక్షల బాధ్యత నాకే ఇచ్చారు. ప్రతిభ చూసి ఇచ్చారని ఇంట్లో చెప్పుకున్నాను. ప్రశ్నపత్రాలు దాచే అల్మారా తాళం మొరాయించేది. దాన్ని ఎడమవైపుకి నొక్కి, గుద్ది, తిప్పితే వస్తుందని కనిపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ నా ప్రతిభ.

దానికి తోడు నాకు గొంతుంది. మైకు అక్కర్లేని గొంతు. మా బడిలో ఫలితాలు గోడకు అంటించే అలవాటు ఉండేది కాదు. ఫలితాల రోజున తల్లిదండ్రులంతా బడి ముందు చేరతారు. ఇన్‌చార్జి వరండా మెట్టు మీద నిలబడి మొదటి ర్యాంకు నుంచి చివరి పేరు దాకా, ఎవరికెన్ని మార్కులు, ఎవరు పాసు, ఎవరు ఫెయిలు అని పైకి చదువుతాడు. ఎప్పటి నుంచో వస్తున్న ఆనవాయితీ అది. నేను వచ్చాక దానికి కళ తెచ్చాను. చిన్నప్పుడు పూజా పందిళ్ళలో నాటకాలు వేసినవాణ్ణి కదా, ఫెయిలైన పేరు చదివాక కాసేపు ఆగేవాణ్ణి. అందరూ ఊపిరి బిగబట్టేవారు. అప్పుడు "ఫెయిల్" అనేవాణ్ణి.

దీనివల్ల పిల్లల్లో పట్టుదల పెరుగుతుందని స్టాఫ్ రూమ్‌లో అనుకునేవాళ్ళం. ఇప్పుడు నిజం చెబుతున్నాను, అది మా వినోదం. ఫెయిలైన పిల్లల్లో పట్టుదల పెరగడం నేనెప్పుడూ చూడలేదు, మెడలు వంగడం చూశాను.

స్టీలు గ్లాసులు

బహుమతుల రోజు కూడా నా చేతిలోనే ఉండేది. ర్యాంకు వచ్చినవాళ్ళకు పేరు కొట్టించిన స్టీలు గ్లాసు ఇచ్చేవాళ్ళం. తరగతికి మూడు ర్యాంకులు, ఏటా ఆ మూడూ అవే పిల్లలకి. ఒకసారి ఒక ఇంటికి పూజకి వెళితే అందరికీ మంచినీళ్ళు ఇచ్చిన గ్లాసులన్నీ మావే, అన్నిటి మీదా ఆ ఇంటి పిల్లవాడి పేరే. మిగతా పిల్లలు ఏళ్ళ తరబడి చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయేవారు. చప్పట్లు కొట్టడంలో మాత్రం మా బడి పిల్లలు బాగా ఆరితేరారు.

ఇది బాగా లేదని నాకే తోచి 'మంచి నడవడిక' అని ఒక కొత్త బహుమతి పెట్టాను. మొదటి ఏడు దాన్ని తరగతిలో కిక్కురుమనకుండా కూర్చునే ఒక పిల్లవాడికి ఇచ్చాను. వేదిక మీద వాడి వినయం గురించి కాసేపు మాట్లాడాను కూడా. వాడు అంత నిశ్శబ్దంగా ఉండేది డెస్కు కింద ఫోన్‌లో ఆటలు ఆడుకోవడం వల్లనని తరవాత తెలిసింది. కనిపించేదాన్ని మెచ్చుకోవడం తేలిక. అందుకే మనం ఎప్పుడూ అదే చేస్తాం.

ఆ గ్లాసులు గోల్ బజార్‌లో అప్పలరాజు కొట్టులో కొనేవాళ్ళం. అతను శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబంవాడు, స్టీలు సామాను వ్యాపారం. చేతిలో చిన్న మిషను పట్టుకుని గ్లాసుల మీద పేర్లు తనే కొట్టేవాడు. అతని ఒక్కగానొక్క కూతురు సుజాత మా బడిలోనే చదివేది. మిగతావాటిలో గట్టెక్కేది, లెక్కల్లో తప్పేది. ఊళ్ళో అందరి పిల్లల పేర్లూ చెక్కిన అప్పలరాజుకి తన కూతురి పేరు చెక్కే అవకాశం మేము ఎన్నడూ ఇవ్వలేదు.

సుజాత తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అతని ఓపిక అయిపోయింది. అర్ధ సంవత్సర పరీక్షల ముందు గ్లాసుల లెక్క కోసం వెళితే నాకు తెగేసి చెప్పాడు. "ఈ పాలి కూడా లెక్కలు పోనాయంటే బడి మాన్పించేస్తాను మేష్టారూ. టెక్కలిలో ఆళ్ళ పిన్ని కుట్టుమిషను నేర్పిస్తాది. ఇక్కడుండి అందరి ముందూ తల దించుకోడం దేనికి?"

ఏదో కోపంలో అన్నాడనుకున్నాను. అతను కోపంలో అనలేదు.

బిస్కెట్ల డబ్బా

ఇక్కడ నా క్రమశిక్షణ గురించి చెప్పాలి. అంతకు ముందు పరీక్షల్లో ఒక మాస్టారు గదిలో కాపలా కాస్తూ ఫోన్‌లో క్రికెట్ చూశాడు. ఆయన వికెట్ పడిందని అరిస్తే పిల్లలంతా స్కోరెంతని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. పరీక్ష రోజున టీచర్ల ఫోన్లన్నీ ఆఫీసులో నా బిస్కెట్ల డబ్బాలో పెట్టాలని రూలు తెచ్చాను. చేతిగడియారాలు కూడా ఫోన్లలా పనిచేస్తున్నాయని ఎవరో అంటే, అవీ డబ్బాలోకే అన్నాను. నాకు నేను మినహాయింపు ఇచ్చుకోలేదు. నా నిజాయితీకి నేనే ముచ్చటపడి నా ఫోను అందరికంటే ముందు వేశాను.

మరి టైము ఎలా? హాల్లో పాత విద్యార్థులు ఇచ్చిన గోడ గడియారం ఒకటి ఉంది గాని, అది దానికి తోచిన టైము చూపించేది. మాకు దాని అవసరం ఉండేది కాదు. వర్క్‌షాపు సైరన్ ఉండగా ఖరగ్‌పూర్‌లో గడియారం ఎవడిక్కావాలి? ఆ మోతకే అన్నం వండుకుంటారు, ఆ మోతకే కొట్లు కట్టేస్తారు. మా పరీక్ష పొద్దున మొదలై మధ్యాహ్నం భోజనాల సైరన్‌కి ముగిసేది. సైరన్ వినగానే మా ప్యూన్ బాదల్ దా గంట కొట్టేవాడు, మేము పేపర్లు లాక్కునేవాళ్ళం. తరతరాలుగా ఇదే పద్ధతి, ఏ రోజూ తేడా రాలేదు.

పరీక్షకు ముందు ప్రార్థన దగ్గర పిల్లలకు ఉపన్యాసం ఇవ్వడం కూడా నా పనే. తొమ్మిదో తరగతికి ఒక్కదానికే లెక్కల పరీక్ష ఉన్న ఆ రోజున కూడా ఇచ్చాను. "చిన్న లెక్కలు చూసి మురిసిపోకండి. బుర్ర తాజాగా ఉన్నప్పుడే పెద్ద లెక్కలు ముందు చెయ్యండి. చిన్నవి చివర్లో ఎలాగైనా వచ్చేస్తాయి" అన్నాను. ఏళ్ళ తరబడి అదే మాట అంటున్నాను. ఎవరూ వినేవారు కాదు. అందరూ చిన్నవే ముందు చేసుకునేవారు. ఆ రోజు ఒక్కరు విన్నారు.

సైరన్

ఆ రోజు విశ్వకర్మ పూజ ముందు రోజు. ఆ ఏడు మిషన్లను అలంకరించుకోడానికి వర్క్‌షాపు వాళ్ళను తొందరగా వదిలేశారు. భోజనాల సైరన్ గంట ముందే మోగింది.

మోగగానే బాదల్ దా గంట కొట్టాడు. నేను వరండాలోంచి "పెన్నులు కింద పెట్టండి" అన్నాను. పేపర్లన్నీ వచ్చేశాయి. ఆ రోజు పని తొందరగా అయినట్టుందే అని కూడా నాకు అనిపించింది. నేను బాగా నడపబట్టి అలా ఉందనుకున్నాను.

సైరన్ ముందే మోగుతుందని సగం మంది పిల్లలకు తెలుసు. వాళ్ళ నాన్నలు పొద్దున బయల్దేరుతూ ఇంట్లో చెప్పే వెళ్ళారు. కానీ పరీక్ష ముందే అయిపోయిందని ఫిర్యాదు చేసే పిల్లలు ఏ దేశంలో ఉంటారు? విశ్వకర్మ పూజంటే ఇక్కడ గాలిపటాల పండగ, అందరూ వాటిని ఎగరెయ్యడానికి పరుగెత్తారు. ఒక్క సుజాత మాత్రం పేపరు ఇవ్వకుండా గట్టిగా పట్టుకుంది. ఆ గదిలోకి పేపర్ల కోసం వెళ్ళింది నేనే. "అయిపోయిందమ్మా, రూలంటే రూలే" అని దాని చేతిలోంచి లాగాను.

పేపర్ల కట్టకు లక్క ముద్ర వేసి, పండగ హడావిడిలో మిగతా టీచర్లలాగే డబ్బా సంగతి మరిచిపోయి, ఠీవిగా ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏటి, అప్పుడే వచ్చేసినారు? ఒంట్లో బాగులేదా? అన్నం ఇంకా పొయ్యి మీదే ఉన్నాది."

"సైరన్ కూసింది కదా, నీకు వినపడలేదా?" అన్నాను.

"రేపు పూజ కదండీ. ఆళ్ళకి ఈరోజు ముందుగా వొదిలేసినారు. ఊరందరికీ తెలుసు కదా."

నేను చెప్పులు విప్పకుండానే వెనక్కి పరుగెత్తాను. బడిలో బాదల్ దా ఒక్కడే ఉన్నాడు. బిస్కెట్ల డబ్బా తీసి ఒక్కొక్క ఫోనూ చూశాను. అన్నీ ఒకటే టైము చూపించాయి. "కీ హోలో మాస్టార్‌మశాయ్?" అని బాదల్ దా అడిగాడు. ఏమైందో బెంగాలీలో చెప్పడం నాకు చేతకాలేదు. తెలుగులోనూ చేతకాలేదు.

ఆ సాయంత్రానికి సంగతి పూరీ గేట్ దాకా పాకింది. టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి "స్టేషన్‌కా, సైరన్‌కా?" అన్నాడు. వాడు మా బడిలో చదివినవాడే.

నేను చేసిన న్యాయం

ఇంతవరకు జరిగింది పొరపాటు. దాని తరవాత నేను చేసింది తెలివి. ఈ రెండిట్లో తెలివే ఎక్కువ నష్టం చేసింది.

మా హెడ్‌మిస్ట్రెస్ గ్రేసమ్మ గారు అప్పుడు కూతురి పురుడని విశాఖపట్నంలో ఉన్నారు. బాధ్యత నా మీద ఉంది. మళ్ళీ పరీక్ష పెడదామా అంటే స్టాఫ్‌లో ఎవరికీ ఇష్టం లేదు, దసరా సెలవులు ముంచుకొస్తున్నాయి. నేను ఆలోచించి ఒక ఉపాయం చెప్పాను. పిల్లలు దాదాపు అందరూ చిన్న లెక్కలు చేశారు, పెద్ద లెక్కల దాకా రాలేదు. రానిదానికి మార్కులు కొయ్యడం అన్యాయం కదా! కాబట్టి పెద్ద లెక్కల భాగం రద్దు. చిన్నవాటినే వందకు లెక్క కడదాం.

అందరూ బల్లలు చరిచారు. లెక్కల మాస్టారు కూడా ఒప్పుకున్నాడు, ఆయనకు దిద్దే పని తగ్గింది.

పెద్ద లెక్కలే ముందు చేసిన పిల్ల ఒకర్తి ఉందని దిద్దుతుంటే తెలిసింది. చేసినవన్నీ సరిగ్గానే చేసింది. చిన్నవాటి జోలికి వెళ్ళే సమయానికి నేను పేపరు లాగేశాను. "ఈ అమ్మాయి సంగతేమిటి?" అని లెక్కల మాస్టారు అడిగాడు. "ఒక్కరి కోసం రూలు మారుస్తామా?" అన్నాను. ఆ రూలు పుట్టి అప్పటికి ఒక పూట కూడా కాలేదు.

ఫలితాల రోజు బడి ముందు జనం కిటకిటలాడారు. సగం తరగతికి తొంభై దాటాయి. పేర్లు చదువుతుంటే చప్పట్లు ఆగలేదు. నాకు పూనకం వచ్చినట్టయింది. చివరికి వచ్చాను. "కోరాడ సుజాత. లెక్కలు." అలవాటు ప్రకారం ఆగాను. "ఫెయిల్."

అప్పలరాజు కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. మరునాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

గ్రేసమ్మ గారు

నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. ఒకాయనకు చేతిరాత పిచ్చి, జవాబు తప్పయినా రాత బాగుంటే మార్కు వెయ్యమనేవాడు. ఇంకొకాయనకు ఇన్‌స్పెక్టర్లంటే భయం, వాళ్ళు వచ్చే రోజున ఆయనకు జ్వరం వచ్చేది. గ్రేసమ్మ గారికి ఏ పిచ్చీ లేదు. అందుకే ఆవిడంటే నాకు భయం. కోపం వచ్చినా గొంతు పెంచరు, మన మొహంలోకి చూస్తూ ప్రశ్న అడుగుతారు. జవాబు మనమే వెతుక్కోవాలి.

ఆవిడ తిరిగొచ్చిన రోజున నా ఉపాయం గురించి గర్వంగా చెప్పాను. అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మేష్టారూ, ఈ పరీక్షలో మనం ఏటి కొలిచినాము?"

"లెక్కలండి."

"ఎవరికి లెక్కలొచ్చో కొలిచినామా?"

నేను బల్ల మీది కళ్ళజోడు వైపు చూశాను.

"మీ మాట ఎవరు విన్నారో, ఎవరు వినలేదో కొలిచినాము. విన్నదాన్ని ఫెయిల్ చేసినాము. పెద్దవి ముందు చెయ్యమని చెప్పింది మీరే కదా?"

అంతవరకు ఆ సంగతి నాకు నిజంగా తట్టలేదు. ఏళ్ళ తరబడి ఆ మాట అన్నాను గాని ఒకరు నమ్ముతారని నేనెప్పుడూ అనుకోలేదు. చెప్పేవాడికే నమ్మకం లేని మాటను ఒక ఆడపిల్ల నమ్మింది. నాకు చాలా సిగ్గేసింది.

"తొమ్మిదో తరగతి అంతా మళ్ళీ రాయాలి" అన్నారు గ్రేసమ్మ గారు.

"తొంభైలు వచ్చినవాళ్ళ తల్లిదండ్రులు ఊరుకోరండి."

"ఊరుకోరు. మీరు వాళ్ళకి జవాబు చెప్తారు. అంతకంటే ముందు గోల్ బజార్ వెళ్ళండి. ఆ పిల్ల రాకుండా మనం పరీక్ష పెట్టి ఏటి లాభం?"

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రం నుంచి నన్ను ఉతికి ఆరేశారు. ఒకరు నాకు చేతిగడియారం బొమ్మ పంపారు, ఇంకొకరు అలారం బొమ్మ పంపారు. సైరన్ మోత రికార్డు చేసి పంపిన మహానుభావుడెవరో ఇప్పటికీ తెలియదు. అది మాత్రం చాలా స్పష్టంగా వినపడింది.

గోల్ బజార్‌లో

నన్ను చూడగానే అప్పలరాజు లేచి కుర్చీ వేశాడు. అతని మర్యాద చూస్తే నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

"రండి మేష్టారూ. గ్లాసుల పేర్లు తెచ్చినారా? తొంభైలోళ్ళు శానామంది కదా, ఈ ఏడు ఎక్కువ సరుకు తెప్పించాల."

సుజాత కొట్టు వెనకాల పీట మీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. తల ఎత్తలేదు. వచ్చే వారం టెక్కలి ప్రయాణమని, రైలు టికెట్లు కూడా తీశారని అప్పలరాజే చెప్పాడు.

నేను సైరన్ దగ్గర మొదలెట్టి పెద్ద లెక్కల రద్దు దాకా అంతా చెప్పాను. మధ్యలో ఇద్దరు బేరాలకొచ్చారు. వాళ్ళకు కుక్కర్లు చూపిస్తూనే విన్నాడు. అంతా అయ్యాక ఒక గ్లాసు చేతిలోకి తీసుకుని దాని అంచు చూస్తూ కూర్చున్నాడు.

"మీరే ఫెయిలన్నారు. ఇప్పుడు కాదంటన్నారు. రేపు మీరు పాసంటే మాత్రం ఎలగ నమ్మేది?"

నేను సుజాత వైపు తిరిగాను. "నువ్వు చెప్పమ్మా. మళ్ళీ రాస్తావు కదా?"

అది అప్పుడు తలెత్తింది. "పెద్దయి ముందు సెయ్యమన్నారు కదా మేష్టారూ. సేసినాను." కోపం లేదు, ఏడుపు లేదు. నేను ఏం జవాబు చెబుతానో తెలుసుకుందామని చూసింది.

"తప్పు నాది" అన్నాను.

"నాకు సెప్తే ఏటి లాభం మేష్టారూ?" అన్నాడు అప్పలరాజు. "ఆ రోజు మెట్టు మీద నిలబడి గొంతెత్తి సదివినారు. నా పక్కన ఈ టీ కొట్టు బెంగాలీ దాదా ఉన్నాడు. తోడు రమ్మంటే ఒచ్చినాడు. ఆడికి తెలుగు ముక్క రాదు. గాని ఫెయిలంటే ఆడికీ తెలుసు. అప్పట్నుంచీ నా మొకం సూడ్డానికి ఆడే మొహమాటపడతన్నాడు. మీరు అదే మెట్టు మీద నిలబడాల. అదే గొంతుతో, ఫెయిలైనోళ్ళు ఎవరో అందరికీ సదవాల. అప్పుడు టికెట్లు కేన్సిల్ సేస్తాను."

ఆలోచించుకుని చెబుతాననబోయాను. వెనకాల గిన్నె తుడుస్తున్న చప్పుడు ఆగిపోయింది. సరేనన్నాను.

మెట్టు మీద

తల్లిదండ్రులను పిలిచాము. చాలామంది నన్ను దులిపెయ్యడానికి వచ్చారు. గ్రేసమ్మ గారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆవిడే రెండు మాటలు చెప్పి గండం గట్టెక్కిస్తారేమోనని ఆశపడ్డాను. ఆవిడ నీళ్ళు తాగి, మెట్టు వైపు చూశారు.

రాత్రి అద్దం ముందు సాధన చేసుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఫలితాలు చదివినట్టే చదివాను. "తొమ్మిదో తరగతి. లెక్కల పరీక్ష నిర్వహణ. పరీక్షల ఇన్‌చార్జి." ఇక్కడ నా నోరు అలవాటు కొద్దీ ఆగింది. ఎదురుగా అందరూ నా మొహమే చూస్తున్నారు. ఆ ఆగడం ఎంతసేపు ఉంటుందో చదివేవాడికి తెలియదు, తన పేరు విన్నవాడికే తెలుస్తుంది. చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ ఎంతమంది పిల్లల్ని ఇందులో నిలబెట్టానో అప్పుడు అర్థమైంది.

"ఫెయిల్" అన్నాను.

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. గాలిపటాల పిల్లలైతే ఈలలు వేశారు. నన్ను తిట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన "ఠీక్ హై మేష్టారూ, సప్లిమెంటరీ రాసుకోండి" అని భుజం తట్టాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడ పక్కకు వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను, దుమ్ము పడిందనుకోండి.

అప్పలరాజు నవ్వలేదు. జనం వెనకాల నిలబడి చివరిదాకా విన్నాడు. ఆ సోమవారం సుజాత బడికి వచ్చింది.

మళ్ళీ పరీక్ష పెట్టాం. ఈసారి గ్రేసమ్మ గారు తన ఇంటి గడియారం తెచ్చి హాల్లో పెట్టారు. నన్ను ఉపన్యాసం ఇవ్వవద్దన్నారు. సుజాత పెద్ద లెక్కలతోనే మొదలెట్టిందని నేను కిటికీలోంచి చూశాను. దగ్గరికి వెళ్ళి చిన్నవి ముందు చేసుకొమ్మని చెబుదామని నాలుక దాకా వచ్చింది. అటు పోకుండా వరండా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో దాన్ని ఒకటిగా లెక్కేసుకుంటాను.

ఇక మీదట ఫలితాలు పైకి చదవకూడదని, ఎవరివి వాళ్ళ చేతికే ఇవ్వాలని నేనే ప్రతిపాదించాను. గ్రేసమ్మ గారు ఒప్పుకున్నారు. ఎంత సంస్కరణ తెచ్చానో అని నా గుండె మళ్ళీ కాస్త ఉబ్బింది. ఆ జబ్బు అంత తేలిగ్గా పోయేది కాదు.

ఫలితాల రోజు వరండాలో బల్ల వేసి ఒక్కొక్కరినీ పిలిచి కాగితం చేతిలో పెట్టాము. తొంభైలు చాలావరకు దిగిపోయాయి, కొన్ని మొహాలు మాడిపోయాయి. అప్పలరాజు కొట్టు కట్టేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళాన్ని తీసుకుని వచ్చాడు. వెంట టీ కొట్టు దాదాను కూడా పట్టుకొచ్చాడు.

సుజాత పాసైంది. గొప్ప మార్కులేమీ కావు. చేసినవి సరిగ్గా చేసింది, రానివి వదిలేసింది. కాగితం తండ్రి చేతికిచ్చి, "పాసైంది, అప్పలరాజూ" అని మెల్లగా చెప్పాను.

అతను కాగితం చూడలేదు. "సదవరేటి మేష్టారూ?" అన్నాడు.

పిల్లలకు చిన్నతనం కాకూడదని ఆ పద్ధతి తీసేశామని వివరించాను. ఎందుకు తీసేశామో కూడా చక్కగా చెప్పాను. వింటున్నకొద్దీ అతని మొహం వాడిపోయింది.

"పడిపోయినప్పుడు ఊరందరూ ఇనేటట్టు సదివినారు. లెగిసినప్పుడు సెవిలో సెప్తారేటి?"

గ్రేసమ్మ గారి వైపు చూశాను. మొదటిసారి ఆవిడ చూపు దించుకోవడం చూశాను. చదివేద్దామని మెట్టు వైపు కదిలాను.

"మీరొద్దు మేష్టారూ" అంది సుజాత. తండ్రి చేతిలోంచి కాగితం తీసుకుని మెట్టెక్కింది. కింద జనం ఎవరి గొడవలో వాళ్ళున్నారు. అది రెండు సార్లు నోరు తెరిచి మూసింది. ఒక్కొక్కరే మాటలు ఆపి అటు చూశారు.

"కోరాడ సుజాత. తొమ్మిదో తరగతి. లెక్కలు" అని ఆగింది. ఊపిరి తీసుకుంది. "పాస్."

"పాస్ కోరేఛే!" అన్నాడు టీ కొట్టు దాదా, పక్కనున్న ప్రతి ఒక్కరితోనూ.

అప్పలరాజు కదలలేదు. నేల చూస్తూ, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి తలెత్తి కూతురిని చూశాడు.

"ఇంకోపాలి సెప్పమ్మా" అన్నాడు.

అది ఇంకోసారి చెప్పింది.